మాన్యుఫాక్చర్డ్ హోమ్స్ కంపెనీలో ఆఫర్ వచ్చింది, లోపల పని ఎలా ఉంటుంది?

కొత్త_ఓపీటీ · సోమవారం, రాత్రి 9:12

అందరికీ నమస్తే. మాది ఖమ్మం. స్ట్రక్చరల్‌లో ఎమ్మెస్ అయిపోయింది, ఓపీటీలో (చదువయ్యాక అమెరికాలో పనిచేసుకోనిచ్చే పర్మిట్) ఉద్యోగం లేకుండా ఉండనిచ్చే 90 రోజుల లెక్క నడుస్తోంది. అందులో 51 ఇప్పటికే కరిగిపోయాయి. నిన్న ఒక ఆఫర్ వచ్చింది. ఇండియానాలో ఎల్కార్ట్ దగ్గర మాన్యుఫాక్చర్డ్ హోమ్స్, అంటే ఫ్యాక్టరీలోనే ఇళ్లు చేసే కంపెనీ. డిజైన్ ఇంజనీర్, ఏడాదికి 63 వేల డాలర్లు.

నేను చదివిందంతా కాంక్రీటు, స్టీలు. వీళ్లదంతా చెక్క. క్లాస్‌మేట్లేమో "ట్రైలర్లు చేసే కంపెనీనా?" అని నవ్వుతున్నారు. "ఫ్యాక్టరీలో ఇల్లెట్లా చేస్తార్రా?" అని నాన్న అడిగితే నాకూ సరిగ్గా తెలీక "కారు చేసినట్టే నాన్నా" అని ఫోన్ పెట్టేశా. శుక్రవారం లోపు జవాబివ్వాలి. ఈ ఫీల్డులో చేసినవాళ్లు ఎవరైనా ఉంటే ఉన్నదున్నట్టు చెప్పండి.

స్లాబ్_వేద్దాం · సోమవారం, రాత్రి 9:40

హైదరాబాద్ నుంచి ఒక ప్రశ్న. ఇవి మన పోర్టా క్యాబిన్ల లాంటివేనా? మా సైట్లో ఒకటుంది, మే నెల మధ్యాహ్నం అందులో కూర్చుంటే ఇడ్లీలా ఉడికిపోతాం. ఇంకోటి, చక్రాల మీద వెళ్లే ఇంటికి ఈశాన్యం ఏ మూలండీ? మా అత్తగారు అడగమన్నారు.

చలిమంట · సోమవారం, రాత్రి 11:05

తమ్ముడూ, ఆరేళ్ల నుంచి ఆ చుట్టుపక్కలే ఒక ప్లాంట్‌లో క్వాలిటీలో ఉన్నాను. కంపెనీ పేరు మాత్రం అడక్కు.

ముందు స్లాబ్ గారికి. పోర్టా క్యాబిన్‌కీ దీనికీ సంబంధం లేదండీ. మూడు బెడ్‌రూములు, రెండు బాత్రూములు, వంటగది, ఏసీ డక్టులు, గోడకి రంగుతో సహా ఫ్యాక్టరీలోనే అయిపోతుంది. కింద స్టీలు ఛాసీ, ఇరుసులు, చక్రాలు ఉంటాయి. స్థలంలో దించాక చక్రాలు తీసేస్తారు కానీ ఛాసీ ఇంటితోనే ఉండిపోతుంది. ఈ ఇళ్లకి ఊరి బిల్డింగ్ కోడ్ వర్తించదు. దేశమంతటికీ ఒకటే హడ్ (అమెరికా ప్రభుత్వ హౌసింగ్ శాఖ) కోడ్, 1976 జూన్ 15 నుంచి అమల్లో ఉంది. అంతకుముందు కట్టినవే అసలు "మొబైల్ హోమ్స్". ఇప్పటివాటిని ఆ పేరుతో పిలిస్తే మా సేల్స్ వాళ్లు మొహం ముడుచుకుంటారు.

ఇక పని. పొద్దున 5:30కి లైన్ మొదలు. ఆఫీసు వాళ్లు 7కి రావచ్చంటారు, కానీ 7కి వస్తే అప్పటికే రెండు సమస్యలు నీ కోసం కాచుక్కూర్చుని ఉంటాయి. మేం ఇళ్లని ఇళ్లుగా లెక్కపెట్టం, "ఫ్లోర్లు" అంటాం. సింగిల్ వైడ్ (ఒకే ముక్కగా వెళ్లే ఇల్లు) అయితే ఒక ఫ్లోరు, డబుల్ వైడ్ (రెండు ముక్కలు కలిపి పెట్టేది) అయితే రెండు. మా ప్లాంట్ మామూలు రోజున ఎనిమిది ఫ్లోర్లు బయటికి పంపుతుంది. హారన్ మోగితే ప్రతి ఫ్లోరూ తర్వాతి స్టేషన్‌కి జరుగుతుంది. నీ పని అయినా కాకపోయినా జరుగుతుంది. అవ్వనివాడు పనిముట్లు పట్టుకుని దాని వెంట పరిగెత్తాలి.

మన దగ్గర పునాది, గోడలు, స్లాబు, ఆ తర్వాతే టైల్సు, బాత్రూము సామాను. ఇక్కడ చుట్టూ గోడలే ఉండవు, బాత్‌టబ్ మాత్రం వచ్చి కూర్చుంటుంది. నేల అయ్యాక టబ్బు, ఆ తర్వాత లోపలి గోడలు, తర్వాత బయటి గోడలు. పైకప్పు పక్కన వేరేగా తయారై క్రేన్ మీద వచ్చి దిగుతుంది. మొదటి వారం నాకు ఇంటిని లోపల్నుంచి బయటికి తిరగేసి కడుతున్నట్టు అనిపించింది.

కొత్త_ఓపీటీ · మంగళవారం, ఉదయం 8:20

థాంక్స్ అన్నా. "రెండు సమస్యలు కాచుక్కూర్చుంటాయి" అన్నారు, అవి ఎలాంటివో కాస్త చెప్పగలరా? ఇంటర్వ్యూలో వాళ్లు "ఫాస్ట్ పేస్డ్" అనే మాట నాలుగు సార్లు వాడారు. అదే కాస్త భయంగా ఉంది.

చలిమంట · మంగళవారం, మధ్యాహ్నం 2:15

భయపడాల్సింది వేగానికి కాదు, డబ్బు లెక్కకి. మా దగ్గర లైన్ మీద జనానికి గంట జీతం తక్కువ, గ్రూపు పీస్‌రేటు ఎక్కువ. ఆ రోజు ఎనిమిది ఫ్లోర్లు ఒంటిగంటకే అయిపోతే ఒంటిగంటకే ఇంటికి పోతారు, డబ్బు మాత్రం పూర్తిగా వస్తుంది. అలాంటి చోట నాలాంటి వాడొచ్చి "ఈ ఫ్లోరు కదలడానికి వీల్లేదు" అని ఎర్ర ట్యాగు తగిలిస్తే ఏమవుతుందో ఊహించుకో.

పోయిన చలికాలంలో జరిగింది చెప్తా. ప్రతి ఇంటికీ కరెంటు వైరింగ్ టెస్టు ఉంటుంది, 900 వోల్టులు ఒక నిమిషం పాటు పంపి చూస్తాం. గోడలో ఎక్కడైనా స్క్రూ వైరులోకి దిగితే అక్కడ దొరికిపోవాలి. ఆ రోజు ఒక ఫ్లోరు ఫెయిలైంది. ఏ గోడలో ఉందో తెలీదు. వంటింటి గోడ విప్పాం, లేదు. బెడ్‌రూమ్ గోడ విప్పాం, లేదు. లైన్ ఆగిపోయింది, వెనక ముప్పై మంది చేతులు కట్టుకుని నా వంకే చూస్తున్నారు. చివరికి అద్దం తగిలించడానికి ఎవరో కొట్టిన స్క్రూ, కోడ్‌లో చెప్పిన ఇనుప రేకు అడ్డం పెట్టకుండా కొట్టేశారు. పట్టుకునేసరికి గంటా ఇరవై నిమిషాలు. తర్వాత వారం రోజులు లంచ్ రూములో నా బల్ల దగ్గర ఎవరూ కూర్చోలేదు.

కానీ ఆ ఫ్లోరు అలాగే వెళ్లిపోయి ఉంటే? ఎవరో దానిలో పడుకుంటారు కదా. నీ మేనేజర్ ఇలాంటి రోజున ఎవరి పక్కన నిలబడతాడో ముందే తెలుసుకో. నా మేనేజర్ నా పక్కనే నిలబడ్డాడు, అందుకే ఆరేళ్లు అయింది.

ఒకటే_మాట · మంగళవారం, సాయంత్రం 6:30

ఇంత ఉపోద్ఘాతం ఎందుకు? అవి అట్టపెట్టెలు. ప్రతి టోర్నడో వార్తలో ముందు ఎగిరిపోయి కనిపించేవి అవే. స్ట్రక్చరల్ చదివి వాటి డ్రాయింగుల మీద పేరు పెట్టుకుంటావా తమ్ముడూ?

డ్రాయింగ్_బోర్డు · మంగళవారం, రాత్రి 10:48

అలబామాలో ఒక ప్లాంట్ డిజైన్ ఆఫీసులో మూడేళ్లు చేసి బయటికొచ్చాను. ఇప్పుడు బ్రిడ్జిల పని. కాబట్టి ఈ పరిశ్రమని వెనకేసుకొచ్చే అవసరం నాకు లేదు, అయినా ఒకటే_మాట గారితో ఒప్పుకోను.

1992లో ఆండ్రూ తుఫాను ఫ్లోరిడాలో ఈ ఇళ్లని ఊడ్చిపెట్టేసింది, నిజం. ఆ దెబ్బకే 1994లో గాలి రూల్స్ మార్చారు. దేశాన్ని మూడు విండ్ జోన్లుగా చేసి, తీరప్రాంతాలకి వెళ్లే ఇళ్లకి గంటకి 100, 110 మైళ్ల గాలికి డిజైన్ చెయ్యాలన్నారు. మంచు బరువుకీ అంతే. దక్షిణాదికైతే పైకప్పుకి చదరపు అడుగుకి 20 పౌండ్లు, మధ్యకి 30, ఉత్తరాదికి 40. ఒకే ప్లాన్‌కి మూడు రకాల ట్రస్సులు (పైకప్పుని మోసే చట్రాలు), నువ్వు చేసే పని అదే. అయితే ఇంటిని నేలకి బిగించే యాంకర్లు, పట్టీలు ఫ్యాక్టరీ చేతిలో ఉండవు, అక్కడ దించేవాడి చేతిలో ఉంటాయి. వాడు సరిగ్గా బిగించకపోతే నా లెక్కలన్నీ కాగితమే. టోర్నడో వస్తుంటే మాత్రం ఎంత కొత్త ఇల్లైనా అందులో కూర్చోకూడదు, షెల్టర్‌కి పోవాల్సిందే. ఆ మాట దాచను.

ఇప్పుడు డిజైన్ ఆఫీసు సంగతి. నువ్వు గీసిన ప్రతి ప్లానూ, లెక్కలూ హడ్ ఆమోదించిన ఒక థర్డ్ పార్టీ ఏజెన్సీకి వెళ్తాయి. దాన్ని డాపియా అంటారు. వాళ్లు ముద్ర వేస్తేనే లైన్ మీదికి. ప్లాంట్‌లో కట్టేదాన్ని చూసే ఇంకో ఏజెన్సీని ఐపియా అంటారు. ప్రతి ఫ్లోరు వెనక అంటించే ఎర్ర హడ్ ప్లేటు వాళ్ల చేతిలోనే ఉంటుంది. వాళ్లకి కోపం వచ్చి ప్లేట్లు ఆపేశారంటే ఇళ్లన్నీ యార్డులో నిలబడిపోతాయి. మొదటి ఏడాదంతా నువ్వు కొత్తగా ఏమీ డిజైన్ చెయ్యవు, ఆప్షన్లు మారుస్తుంటావు. కిటికీ అటు జరుపు, తలుపు ఇటు జరుపు, వంటింటి మధ్య ఐలాండ్ బల్ల పెంచు, క్లోజెట్ తగ్గించు. బోర్ కొడుతుంది. కానీ తప్పులన్నీ అక్కడే పుడతాయి.

స్లాబ్_వేద్దాం గారి ఈశాన్యానికీ జవాబు ఇందులోనే ఉంది. ఇల్లు ఏ దిక్కుకి పెట్టాలన్నది స్థలంలో తేలుతుంది. స్థలానికి కుదరకపోతే ప్లాన్‌ని తిప్పి గీయమని అడుగుతారు. అలా తిప్పబోయే నేను దొరికిపోయా. చేరిన ఐదో నెల. బాత్రూము ఆ చివర్నుంచి ఈ చివరికి తిప్పాను. కానీ కింద జాయిస్టులు (నేలని మోసే చెక్క దూలాలు) ఎప్పుడూ హిచ్ వైపు, అంటే ట్రక్కుకి తగిలించే చివర నుంచే 16 అంగుళాలకొకటి వేసుకుంటూ వస్తారు, అవి తిరగవు కదా. టాయిలెట్ పైపు సరిగ్గా ఒక జాయిస్టు నెత్తిన పడింది. లైన్ మీదవాడు ఆలోచిస్తాడా? రంపం తీసి కోసేశాడు.

ఆ మధ్యాహ్నం ఫోర్‌మన్ మా ఆఫీసుకొచ్చాడు. యాభై దాటిన మనిషి, చెవి వెనక పెన్సిలు, బూట్ల నిండా పొట్టు. కోసిన జాయిస్టు ముక్క, జానెడంత ఉంటుంది, నా కీబోర్డు పక్కన పెట్టాడు. "ఇది నీదనుకుంటా" అన్నాడు. కేకలేమీ లేవు. అంతే, వెళ్లిపోయాడు. అప్పటికి అదే డ్రాయింగుతో నాలుగు ఫ్లోర్లు పోయాయి. నాలుగింటికీ అడుగున మూసే బెల్లీ బోర్డు విప్పి, హెడర్లు (అడ్డదూలాలు) వేసి, డాపియాకి రిపేరు డ్రాయింగు పంపి, నేను రాత్రి తొమ్మిదింటికి ఇంటికెళ్లాను. ఆ ముక్క ఇప్పటికీ నా దగ్గరుంది, పేపర్‌వెయిట్‌గా వాడుతున్నా.

కాలేజీలో నాలుగేళ్లు, ఎమ్మెస్‌లో రెండేళ్లు చదివినా నేను గీసిన గీతని ఒకడు రంపంతో కోస్తాడని ఎవరూ చెప్పలేదు. ఇక్కడ పొద్దున గీస్తే మూడో రోజుకి చేత్తో తాకొచ్చు. బ్రిడ్జిల్లో నాకు ఆ సుఖం లేదు, ఒక పిల్లరు చూడ్డానికి రెండేళ్లు ఆగాను.

కొత్త_ఓపీటీ · బుధవారం, ఉదయం 7:55

అన్నా, మరి ఎందుకు వదిలేశారు?

డ్రాయింగ్_బోర్డు · బుధవారం, మధ్యాహ్నం 12:30

పీఈ (ప్రొఫెషనల్ ఇంజనీర్) లైసెన్సు కోసం. చాలా రాష్ట్రాల్లో పీఈ కింద పనిచేసిన అనుభవమే లెక్కలోకి వస్తుంది. మా ఆఫీసులో ఒక్క పీఈ కూడా లేడు, సంతకాలు బయటి కన్సల్టెంటువి. మూడేళ్లు అయ్యాక తెలిసింది నా అనుభవం సగం కూడా పనికిరాదని. నువ్వు ఈరోజే మెయిల్ పెట్టి అడుగు: నా బాస్ పీఈ యేనా? మీకు ఈ-వెరిఫై (ఉద్యోగికి పనిచేసే హక్కుందో లేదో ప్రభుత్వ సైట్లో చూసే పద్ధతి) ఉందా? అది లేకపోతే ఓపీటీని పొడిగించే స్టెమ్ ఎక్స్‌టెన్షన్ 24 నెలలూ గోవిందా. ఆ పొడిగింపుకి కావాల్సిన ఐ-983 ట్రైనింగ్ ప్లాన్ ఫారం ఎవరు నింపుతారు? మా హెచ్ఆర్ ఆవిడ ఆ ఫారం పేరు వినడం అదే మొదటిసారి, నేనే నింపి సంతకం పెట్టించుకున్నా.

పాత_కోబాల్ · బుధవారం, రాత్రి 8:10

పిల్లలూ, నేను 1997లో వైటూకే (2000 సంవత్సరానికి కంప్యూటర్లలో తేదీలు సరిచేసే) పని మీద వచ్చినవాణ్ణి. నా మొదటి క్లయింటు ఇలాంటి ఇళ్ల కంపెనీయే. 1998లో దేశమంతా కలిపి 3 లక్షల 70 వేల ఇళ్లు పైగా ఫ్యాక్టరీల నుంచి బయటికి వెళ్లాయి. మా ప్లాంట్ల కంప్యూటర్లు ఆర్డర్లు మింగలేక మొరాయించేవి. రెండేళ్లు తిరక్కుండా అదే సిస్టమ్‌లో నేను ప్లాంట్లు మూసే ప్రోగ్రాములు రాశాను. ప్లాంటు నంబరు కొట్టి, పక్కన సీ అని పెడితే క్లోజ్‌డ్. ఒక్క శుక్రవారం నాడు మూడు నంబర్లకి సీ పెట్టాను. వాటి వెనక ఎంతమంది ఉన్నారో అప్పుడు ఆలోచించే వయసు కాదు.

కారణం ఇళ్లు కావు, అప్పులు. తిరిగి కట్టలేనివాళ్లకి కూడా లోన్లిచ్చి అమ్మేశారు. ఆ ఇళ్లన్నీ జప్తయి వెనక్కొచ్చి అమ్మేవాళ్ల లాట్లలో నిండిపోయాక కొత్తవి కొనేదెవరు? 2003లో వారెన్ బఫెట్ కంపెనీ, ఈ ఇళ్లు చేసే క్లేటన్ హోమ్స్‌ని 170 కోట్ల డాలర్లకి కొన్నది ఆ పడిపోయిన రోజుల్లోనే. 2009కి దేశం మొత్తం మీద ఏడాదికి వెళ్లే ఇళ్ల లెక్క 50 వేల లోపుకి దిగింది. 2024లో మళ్లీ లక్ష దాటింది.

బాబూ కొత్త_ఓపీటీ, జీతం అడిగినట్టే చేతిలో మిగిలున్న ఆర్డర్ల బ్యాక్‌లాగ్ ఎన్ని వారాలుందో కూడా అడుగు. ఈ పరిశ్రమలో ఉద్యోగం వడ్డీ రేట్ల మీద నడుస్తుంది.

చలిమంట · బుధవారం, రాత్రి 9:02

పెద్దాయన చెప్పింది నిజమే కానీ అప్పటంత వెర్రి ఇప్పుడు లేదండీ. ఆర్డర్లు తగ్గితే ముందు వారానికి నాలుగు రోజులు చేస్తారు, అది లైన్‌కి దెబ్బ, ఆఫీసు జీతం వాళ్లకి అంత తగలదు. బ్యాక్‌లాగ్ అడగమన్నది మాత్రం మంచి మాట.

సిద్దిపేట_టు_టెక్సాస్ · గురువారం, ఉదయం 6:40

అందరూ ఫ్యాక్టరీ లోపలి సంగతే చెప్తున్నారు. ఇల్లు గేటు దాటినంక ఏమైతదో నేను చెప్తా. హెచ్4 ఈఏడీ (భర్త వీసా మీద వచ్చినోళ్లకిచ్చే పని పర్మిట్) వచ్చినాక టెక్సాస్‌లో ఈ ఇళ్లమ్మే లాట్‌లో రెండేండ్లు ఆఫీసు పని చేసిన. లోన్ కాగితాలు, టైటిళ్లు, ఫోన్లు.

కొనేటోళ్లు ఎవరనుకుంటున్నారు? ఆయిల్ ఫీల్డులో పనిచేసే పిల్లలు, నర్సింగ్ హోముల్ల ఆయాలు, రిటైరైన ముసలోళ్లు. స్థలం సొంతం గానోళ్లకి ఇంటి మీద మాత్రమే లోన్ ఇస్తరు. అది మామూలు హోమ్ లోన్ కాదు, వడ్డీ ఎక్కువ. మీదికెళ్లి ఇట్లాంటి ఇళ్లు వరసగ పెట్టే పార్కుల స్థలానికి ప్రతి నెలా అద్దె. ఆ అద్దె పెరిగితే "చక్రాలున్నయ్ కదా, వేరే చోటికి పోతం" అనుకుంటరు. తరలించాలంటే వేలల్ల ఖర్చు, ఎవ్వరూ పోలేరు. ఈ ముక్క సంతకం పెట్టే ముందు మేము గట్టిగ చెప్పేటోళ్లం కాదు. మా మేనేజర్ చెప్పనిచ్చేటోడు కాదు. నాకు ఆ ఉద్యోగంల నిద్ర పట్టనిది అదొక్కటే.

కంప్లెయింట్లు కూడా నా ఫోన్‌కే వచ్చేవి. ఒకామె ఇల్లు కొన్న ఆరు నెలలకి బెడ్‌రూమ్ తలుపు పడుతలేదని ఫోన్. ఫ్యాక్టరీకి చేస్తే "సెటప్ వాళ్లది (స్థలంల దించి బిగించేటోళ్లది) తప్పు" అన్నరు. సెటప్ వాళ్లకి చేస్తే "మట్టిది తప్పు" అన్నరు. మట్టికి ఫోన్ చెయ్యలేం కదా. నాలుగోసారి ఆమె ఏడుస్తుంటే నేనే పోయిన. వాళ్ల పిల్లగాడు గోళీ తెచ్చి వంటింట్ల నేల మీద పెట్టిండు. అది మెల్లగ దొర్లుకుంట పోయి రెండు ముక్కలు కలిసే గీత దగ్గర ఆగింది. మళ్ల పెట్టిండు, మళ్ల అక్కడికే. బయట చూస్తే పైకప్పు నీళ్లన్నీ ఒకే మూలకి కారి కింద దిమ్మె కుంగింది. ఇరవై నిమిషాలల్ల జాకీ పెట్టి లేపి సందుల్ల షిమ్ములు (సన్న చెక్కముక్కలు) కొట్టిన్రు, తలుపు పడ్డది. ఆ ఇరవై నిమిషాల పనికి మూడు నెలలు ఫోన్లు తిప్పినం.

తమ్మీ, నీకు వీలైతే మొదటి ఏడాదిలనే సర్వీసు వ్యానెక్కి ఒక వారం తిరుగు. బాస్ వద్దన్నా అడుగు.

ఒకటే_మాట · గురువారం, ఉదయం 9:15

సరే, అట్టపెట్టెలన్న మాట వెనక్కి తీసుకుంటున్నా. అద్దె సంగతి నాకు తెలీదు. కొనే ఆలోచన ఉన్నవాళ్లకి అది ముందు చెప్పాలి.

స్లాబ్_వేద్దాం · గురువారం, ఉదయం 10:02

గోళీ పెట్టి చూడ్డం ఇక్కడ మా మేస్త్రీలు కూడా చేస్తారక్కా. లేజర్ లెవెల్ కొనిచ్చినా జేబులో గోళీ ఉంటుంది.

కొత్త_ఓపీటీ · గురువారం, రాత్రి 10:30

అడిగేశాను. ఈ-వెరిఫై ఉంది. బాస్ పీఈ, ఇండియానా లైసెన్సే. బ్యాక్‌లాగ్ అడిగితే కాసేపు ఆగి "తొమ్మిది వారాలు, ఎందుకడుగుతున్నావు?" అన్నాడు. ఊరికే అన్నాను. సర్వీసు వ్యాన్ మాట ఎత్తితే మాత్రం నవ్వాడు, "ఇంతవరకు ఎవరూ అడగలేదు" అని. రేపు ఓకే చెప్తున్నా. కాంక్రీటు పుస్తకాలు అటక మీదికే.

ఊరు ఎలా ఉంటుంది అన్నా? మనవాళ్లు ఉంటారా?

చలిమంట · శుక్రవారం, ఉదయం 5:05

పెద్దగా ఉండరు. పప్పులూ పచ్చళ్లూ కావాలంటే చిన్న కొట్టు సౌత్ బెండ్‌లో, పెద్దగా కావాలంటే చికాగో, రెండు గంటల పైన. నెలకోసారి వెళ్లి మూటలు కట్టుకొస్తాం. మా ప్లాంట్‌లో ఆమిష్ వాళ్లు (పాత పద్ధతుల్లోనే బతికే ఒక క్రైస్తవ వర్గం) చాలామంది. కారు నడపరు, కాబట్టి వ్యాను మాట్లాడుకుని పదిమంది ఒక్కసారే దిగుతారు. చెక్కపనిలో వాళ్ల చెయ్యి చూస్తే మతి పోతుంది. నా పక్క బల్ల ఆయన ఒకరోజు మన ఇళ్ల గురించి అడిగాడు. ఇటుకలు, స్లాబు, గోడలు పూర్తవ్వడానికి ఏడాది అని చెప్పా. "మరి ఇల్లు అవసరమైతే?" అన్నాడు. నాకు జవాబు దొరకలేదు.

డిసెంబర్‌లో ప్లాంట్ పెద్ద తలుపులు రోజంతా తెరుచుకుంటూ మూసుకుంటూ ఉంటాయి. ఒంటి మీద మూడు పొరలు తప్పవు. సేఫ్టీ బూట్లు అర సైజు పెద్దవి కొనుక్కో, లోపల రెండు జతల సాక్సు పట్టాలి.

కొత్త_ఓపీటీ · ఐదు వారాల తర్వాత, ఆదివారం, సాయంత్రం 4:18

అప్‌డేట్. చేరాను. మొదటి రెండు వారాలు ఆఫీసులో కూర్చోనివ్వలేదు, ఫ్లోర్ స్టేషన్‌లో పెట్టారు. మొదటి రోజు నీళ్ల పైపులకి గాలి ఎక్కించి 100 పీఎస్‌ఐ ఒత్తిడి దగ్గర 15 నిమిషాలు ముల్లు కదలకుండా చూసే పని నాది. ముల్లు కదల్లేదు కానీ నా కాళ్లు వణికాయి, చలికి. బూట్లు చలిమంట అన్న చెప్పినట్టే కొన్నా, అయినా చాల్లేదు.

నాన్నకి వీడియో పంపాను, టబ్బు ముందు వచ్చి గోడలు తర్వాత వచ్చేది. మూడుసార్లు చూసి "ఇంత తొందరేంట్రా వీళ్లకి" అన్నాడు. అమ్మ మాత్రం "ముగ్గు ఎక్కడ వేస్తారు?" అని అడిగింది.

ఒక సాయం కావాలి. గోషెన్‌లో రూము దొరికింది కానీ ఉతికే మిషన్ లేదు. వారాంతాల్లో చికాగో వెళ్లేవాళ్లు ఎవరైనా ఉంటే నన్నూ ఎక్కించుకోండి, పెట్రోలు సగం నాది.

చలిమంట · ఆదివారం, సాయంత్రం 5:40

వచ్చే శనివారం వెళ్తున్నాం. పొద్దున ఆరింటికి రెడీగా ఉండు. నీకిప్పుడు ఆరింటికి లేవడం కష్టమేం కాదుగా.